దిబ్బ గునుగు

చెన్నూరు అటవీ ఆఫీసు వెనక తోటకు మాలిగా ఉన్నాను. పేరు కొండల్. నాకు కోపం ఎక్కువంటారు. ఎక్కువే! ఆ రోజు జరిగింది వింటే మీకూ వస్తుంది.

మా తోటలో ఉన్నవన్నీ గోదావరి నడుమ దిబ్బ మీది మొక్కలే. టేకు పెంచుతామని ఆఫీసు వాళ్లు ఆ దిబ్బను కాల్పించి చదును చేయించారు. మొదటి వరదకే టేకు కొట్టుకుపోయింది. అప్పుడు మేలుకున్నారు మహానుభావులు! మిగిలిన నాలుగు రకాలు తెచ్చి ఈ మళ్లలో పెట్టించారు. వాటిలో దిబ్బ గునుగు మరెక్కడా లేదు. బతుకమ్మలో పేర్చే మామూలు గునుగు తెల్లగా ఉంటే ఇది పసుపు. కార్తీకం దాకా పువ్వు మొక్క మీదే ఎండితేనే గింజ, గింజ ఉంటేనే మళ్లీ ఏటికి మొక్క. ఉన్న గింజంతా ఆ ఏడు చల్లేశాను. పన్నెండు లేచాయి.

సద్దుల బతుకమ్మ నాడు పనిమీద ఊళ్లోకి పోయి పొద్దువాలే వేళకు వచ్చాను. పన్నెండూ తలలు తెగి నిలబడి ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు.

"ఎవలు తెంపిన్రు?" అని అరిచాను.

రేంజరు కుర్చీలోంచి లేవనైనా లేదు. "మా ఇంట్ల బతుకమ్మకు పూలు తక్కువైనయంటే తోట తాళంచెవి నేనే ఇచ్చిన. గునుగు పూలే కద కొండల్, ఎందుకు పరేషాన్ అయితవ్?"

గునుగు పూలే కదా! మా దిక్కున పండుగ పూట గునుగు కనబడితే తెంపని చెయ్యి లేదు, నిజమే. మరి తాళం ఎందుకు వేశామనుకున్నాడు ఈ చదువుకున్న పెద్దమనిషి?

పచ్చి పువ్వునైనా కాడతో ఎండబెడితే ఒక్క గింజ దక్కుతుందేమోనని బతుకమ్మలను నీళ్లలో వదిలే గోదారి ఒడ్డుకు పరుగెత్తాను. రేంజరు భార్య అప్పటికే నీళ్లలోకి దిగింది. ఆమె బతుకమ్మలో పసుపు వరసలు కనబడ్డాయి.

"ఆగు దొరసానీ! ఇడువకు!" అంటూ దూకి బతుకమ్మను పట్టుకున్నాను.

ఆడవాళ్లంతా భగ్గుమన్నారు. "గౌరమ్మ మీద చెయ్యేస్తవా? సిగ్గు లేదా?"

"ఆఖరు ఇత్తనం గిదే! అంత నాశనం చేసిన్రు గదనే!"

గుంపులోంచి రామవ్వ వచ్చింది. ఆ దిబ్బ మీద గుడిసె వేసుకుని బతికిన ముసలమ్మ, కాల్చిన నాడు ఒడ్డుకు చేరింది. నా చెయ్యి పట్టి బతుకమ్మ మీంచి తీసేసింది.

"ఎవలి మీద ఒర్రుతున్నవ్ బిడ్డా? మా అవ్వ తెంపింది, నేను తెంపిన. ఏటేటా తెంపినం. దిబ్బ నిండ మళ్ల మొలిచింది. నిప్పు వెట్టిన నాడు నీ చేతిల కొరివి లేదా?"

ఉంది. మాలి కొలువు ఇస్తామంటే పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

పసుపు వరసలు విడిపోయి నీళ్లలో కొట్టుకుపోయాయి. రేంజరు కోసం దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. వాటిలో నాకు తగనిది ఒక్కటీ లేదు.