మేడ మీది సుల్తాన్

చోలూలా ఊళ్లో ఏ వీధిలో తలెత్తి చూసినా మేడల మీద కనిపించేవి అవే: నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, ఆరేసిన బట్టలు, ఒక కుక్క. మొదటి మూడింటి బాగోగులు ఇంటివాళ్లు రోజూ చూసుకుంటారు. నాలుగోదాన్ని గురించి ఎవరూ అడగరు. అది మొరుగుతూ ఉంటే చాలు, ఇల్లు క్షేమంగా ఉందనుకుంటారు.

రెఫూహియో మేడ మీద ఉన్న కుక్క పేరు సుల్తాన్. రెఫూహియో ఇనుప గేట్లు చేసే పనివాడు. తాగుడు లేనివాడు. భార్య మారిక్రూస్‌ను గానీ, వాళ్లతోనే ఉండే అత్తగారు ఒతీలియాను గానీ గట్టిగా ఒక మాట అనని మనిషి. అలాంటి మంచివాడి ఇంట్లో జరిగింది కాబట్టే ఈ సంగతి అందరికీ చెప్పాలనిపిస్తోంది.

ఆదివారం భోజనాలకు నలుగురూ చేరినప్పుడు అతనికి ఒక సరదా ఉండేది. మెట్ల కింద నిలబడి ఇనుప కమ్మీని రాడ్డుతో టంగుమని కొట్టేవాడు. పైన గొలుసు ఈడ్చుకున్న చప్పుడు, ఆ వెంటనే గొంతు చిరిగిపోయేలా మొరుగుడు వినిపించేవి.

“విన్నారా? తాళంచెవి అక్కర్లేని తాళం నాది,” అనేవాడు.

పొరుగింటి మెలితోన్ మొక్కజొన్న రొట్టెలో మాంసం చుట్టుకుంటూ నవ్వేవాడు. “నువ్వు పైకెళ్తే నిన్నూ పీకుతుందేమో బావా. నీ మొహం చూసి ఎన్నాళ్లయిందో దానికి.”

“నా మొహం దానికెందుకు? దొంగ మొహం పట్టుకుంటే చాల్లే.”

అందరూ నవ్వేవారు, ఒక్క ఒతీలియా తప్ప.

సుల్తాన్ ఆ ఇంటికి వచ్చినప్పుడు దోసిట్లో పట్టేంత పిల్ల. వంటగదిలోనే పడుకునేది. మారిక్రూస్ చెప్పుల మీద తల ఆనిస్తే గానీ దానికి నిద్ర పట్టేది కాదు. అంతలో మేడ మీది సిలిండరును ఎవరో ఎత్తుకుపోయారు. రెఫూహియో ఒక సన్నని గొలుసును దాని మెడకు కొలిచి, కొసలు పటకారుతో నొక్కి, పిల్లను పైన ట్యాంకు పక్కన కట్టేశాడు. పిట్టగోడ ఎత్తు పెంచేదాకా కొన్నాళ్లే అన్నాడు. గోడ పెరగలేదు. కుక్క పెరిగింది.

ఎండాకాలంలో ఆ మేడ పెనంలా కాలేది. ఊరి దగ్గరి అగ్నిపర్వతం బూడిద కక్కిన రోజుల్లో నీళ్ల గిన్నె మీద నల్లటి తెట్టు కట్టేది. బట్టలు ఆరేయడానికి వెళ్లే ఒతీలియా ఒక్కతే దానికి తెలిసిన మనిషి. ఎండిన రొట్టెలు పులుసులో నానబెట్టి తీసుకెళ్లి, అది తిన్నంతసేపూ పక్కన కూర్చుని తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకునేది.

“అబ్బాయ్, వాడి మెడ దగ్గర వాసనొస్తోంది. బొచ్చు కమ్మేసి కనబడట్లేదు, చెయ్యి వెయ్యనివ్వట్లేదు. ఓసారి పైకొచ్చి చూడు,” అని అల్లుడితో చాలాసార్లు చెప్పింది.

“చూస్తాన్లే అత్తయ్యా. ఈ గేటు అప్పజెప్పనీ.”

ఆ గేటు తర్వాత ఇంకో గేటు వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. ఒతీలియా బట్టల కోసం పైకి పరుగెత్తింది. గొలుసు ట్యాంకు పైపు చుట్టూ మెలిపడిపోయి, సుల్తాన్ తల నేలకు అతుక్కుపోయి గిలగిలలాడుతోంది. వడగళ్లు దాని వీపును బాదుతున్నాయి. ఆమె బట్టలు వదిలేసి వంగి, మెడ దగ్గర గొలుసు వదులు చేయబోయింది. కుక్క కుయ్యోమంది. మరుక్షణం ఆమె కుడిచెయ్యి దాని నోట్లో ఉంది.

చిలగడదుంప ముద్దను పంచదారతో కలిపి, వేలంత కడ్డీలుగా చుట్టి మిఠాయి దుకాణాలకు ఇచ్చే చెయ్యి అది. భర్త పోయాక మారిక్రూస్‌ను పెంచి పెద్ద చేసింది ఆ చెయ్యే.

కేకలు విని రెఫూహియో రాడ్డు పట్టుకుని మెట్లెక్కాడు. వెనకే మెలితోన్ వచ్చాడు.

“ఒక్క దెబ్బకి పోవాలి బావా. మనిషి రక్తం తగిలిన కుక్కని ఉంచకూడదు.”

సగం మెట్ల దగ్గర ఒతీలియా ఎదురైంది. చేతికి చుట్టుకున్న పైగుడ్డ తడిసి ఎర్రగా కారుతోంది.

“జరుగత్తయ్యా.”

“జరగను. కరిచే ముందు వాడు ఏడ్చాడురా. నేను విన్నాను. ఎందుకేడ్చాడో తెలుసుకోకుండా చంపావంటే ఆ పాపం నాక్కూడా అంటుకుంటుంది.”

ఆరోగ్య కేంద్రంలో గాయం కడిగి, కుట్లు వేసి, సూదిమందు ఇచ్చారు. “కుక్కని చంపలేదు కదా?” అని అడిగాడు అక్కడి డాక్టరు. “మంచిపని చేశారు. దానికి పిచ్చి ఉందో లేదో పది రోజులు కనిపెట్టి చూస్తేనే గదా తెలిసేది.”

మర్నాడు పశువుల డాక్టరు నయేలీ వచ్చింది. కుక్కకు మత్తు ఇచ్చి, మెడ మీది బొచ్చు గొరిగింది. మెడ చుట్టూ గొలుసు కనబడలేదు. పిల్లప్పుడు కట్టిన గొలుసు మీద మాంసం పెరిగిపోయింది. మధ్యలో అక్కడక్కడ తుప్పు, చీము.

“ఇది కట్టిందెవరు?”

“నేనే,” అన్నాడు రెఫూహియో.

“కట్టర్ తెండి. నేను పుండు విప్పి పట్టుకుంటాను, మీరు కత్తిరించండి.”

అతను ఒక్కొక్క లంకె తెంపాడు. చివరి లంకె మీద తన పటకారు పళ్ల గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ మేడ మీదే కూలబడ్డాడు.

కింద వీధివాళ్లు గుమిగూడారు. మేడల మీది కుక్కలన్నిటికీ విషం పెట్టాలని ఒకరిద్దరు గట్టిగానే అంటున్నారు. నయేలీ చేతులు తుడుచుకుంటూ వాళ్ల మధ్యకు వచ్చింది.

“విషం పెడితే మీ భయం తీరుతుంది, అంతే. కుక్క కరిచిందంటే ముందు దానికి ఎక్కడ నొప్పి ఉందో చూడండి. గుర్రుమంటే తన్నకండి. దగ్గరికి రావద్దని అది బతిమాలుకోవడమే. తన్ని తన్ని ఆ నోరు మూయిస్తే, ఈసారి చెప్పకుండా కరుస్తుంది. టీకాలు వేయించండి. బయటికి తీసుకెళ్తే మూతికి తొడుగు వేయండి. మనుషుల మధ్య బతకనివ్వండి. ఇంత చాకిరీ మావల్ల కాదనుకుంటే అసలు తెచ్చుకోకండి.”

“మరి దొంగలొస్తే డాక్టరమ్మా?” అన్నాడు మెలితోన్.

“తాళం వేసుకోండి. గేట్లు చేసే మనిషి మీ పక్కింట్లోనే ఉన్నాడుగా.”

సుల్తాన్‌కు పిచ్చి లేదని తేలింది. ఒతీలియా చేతికి కుట్లు ఊడాయి గానీ రెండు వేళ్లు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. ఒక సాయంత్రం ఆమె ఎవరూ చూడకుండా దుంప ముద్ద తీసుకుని కడ్డీ చుట్టబోయింది. అది అరచేతిలోనే విరిగిపోయింది. ఆ ముక్కలు నోట్లో వేసుకుని, పళ్లెం కడిగి బోర్లించింది. గుమ్మంలోంచి చూసిన మారిక్రూస్ లోపలికి రాలేకపోయింది.

కుక్కను కింద పెరట్లోకి తెచ్చారు. అది ఒతీలియా వెంటే తిరిగేది, మారిక్రూస్ దగ్గరా కొంత కుదుటపడింది. రెఫూహియో అడుగుల చప్పుడు వింటే మాత్రం ఉన్నచోటే ఉచ్చ పోసుకుని నీళ్ల తొట్టి వెనక దూరేది. నయేలీ చెప్పినట్టు అతను రోజూ పని ముగిశాక పెరట్లో దాని వైపు చూడకుండా, చెయ్యి చాచకుండా పక్కకు తిరిగి కూర్చునేవాడు. నెలలు గడిచాయి. ఒకసారి అది అతని కాలి దగ్గరున్న రొట్టెముక్క అందుకుని వెళ్లిపోయింది. ఆ పూట అతను అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. అంతకు మించి దగ్గరికి అది ఎప్పుడూ రాలేదు.

మళ్లీ వానలు వచ్చేసరికి సుల్తాన్ తిండి మానేసింది. ఇన్నేళ్ల చీము లోపలి అవయవాలను తినేసిందని నయేలీ చెప్పింది. వంటగదిలో దాని తల ఒతీలియా ఒళ్లో ఉంది.

“రా అబ్బాయ్, ఓసారి నిమురు,” అంది ఆమె.

“వద్దత్తయ్యా. నేను దగ్గరికొస్తే భయపడతాడు. భయపడుతూ పోకూడదు వాడు,” అని రెఫూహియో గుమ్మం బయటే నిలబడిపోయాడు. ఊపిరి ఆగిందని ఆమె తల ఊపాకే లోపలికి వచ్చాడు. వచ్చి, గొలుసు మచ్చ మీద బొచ్చు మొలవని చోట మొదటిసారి చెయ్యి వేశాడు.

కొన్నాళ్లకు రెఫూహియో గేట్ల కొట్టు దగ్గరికి మెలితోన్ వచ్చాడు. మేనల్లుడు తనకో కుక్కపిల్లనిచ్చాడట.

“మేడ మీద కట్టడానికి ఓ గొలుసు చేసిపెట్టు బావా. నీదానిలా కాదులే, కాస్త వదులుగా.”

రెఫూహియో చేతిలో పని ఆపాడు. “ఎంత వదులుగా చేసినా అది గొలుసే గదా బావా. మీ పిట్టగోడ నేను ఎత్తుగా కట్టించి పెడతా, పిల్లని ఇంట్లో పడుకోబెట్టుకో. మా అత్తయ్యని కరిచింది సుల్తానని ఊరంతా అనుకుంటోంది. పళ్లు వాడివే. కరిపించింది మాత్రం నేను.”