గాదె బయట రెండో మనిషి

రోస్టాడ్ ఊరి హోటల్లో ఆ మధ్యాహ్నం అందరి చేతుల్లోనూ పత్రికే. మొదటి పేజీలో మార్లిస్ బ్రెకే ఫొటో వేశారు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్ర శాసనసభకు ఆమె మూడోసారి గెలిచింది.

"ఏం లాయరుగారూ, ఒకప్పుడు మీ ఆఫీసులో సగం ఆవిడదేగా?" అన్నాడు డ్వేన్ షాట్జ్, సూప్ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. అతను ఊరవతల ఒక గోధుమ పొలంలో జీతానికి పనిచేస్తాడు.

"అవును. కాఫీ మరకలున్న సగం ఆవిడదే" అన్నాడు వెర్లిన్ హౌగెన్.

అందరూ నవ్వారు. వెర్లిన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు వెనక ఏముందో ఎవరికీ కనిపించలేదు. ఇలాంటి నవ్వులు మన చుట్టూ ఎన్ని ఉంటాయో పాఠకులకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇద్దరూ గ్రాండ్ ఫోర్క్స్‌లో ఒకే తరగతిలో లా చదివారు. మార్కుల్లో ఎప్పుడూ వెర్లిన్‌దే పైచేయి. పదకొండేళ్లు ఒకే బోర్డు కింద ప్రాక్టీసు చేశారు. శాసనసభ సీటు ఖాళీ అయినప్పుడు పార్టీ పెద్దలు ఆఫీసు మెట్లెక్కి వస్తుంటే వెర్లిన్ కోటు సర్దుకుని లేచి నిలబడ్డాడు. వాళ్లు అతనితో చేయి కలిపి, "మార్లిస్ లోపలుందా?" అని అడిగారు.

ఎనిమిదేళ్లు గడిచినా ఆ ప్రశ్న అతని కడుపులో మండుతూనే ఉంది. ఆమె ప్రసంగం అచ్చయితే అందులో తప్పులు వెతికేవాడు. స్కూలు ఉత్సవానికి ఆమెను ముఖ్య అతిథిగా పిలిస్తే, ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఇల్లు కదిలేవాడు కాదు.

డిసెంబరులో మార్లిస్ ఒక బిల్లు ముసాయిదా పట్టుకుని వచ్చింది. ధాన్యం నిలవచేసే ఇనుప గాదెలోకి మనిషి దిగితే, కింది నుంచి ధాన్యం లాగే యంత్రం ఆపి తీరాలి. బయట తాడు పట్టుకుని రెండో మనిషి ఉండి తీరాలి. చట్టం లేదు గనక చిన్న పొలాల్లో ఇవేవీ ఎవరూ పాటించడం లేదు.

"నీ కన్ను పడితే గాని నాకు ధైర్యం ఉండదు వెర్లిన్. బాగా చూసి చెప్పు" అంది.

వెర్లిన్ చదివాడు. రెండో పేజీలో లోపం వెంటనే కనిపించింది. 'గాదెలోకి దిగే ఎవరైనా' అని ఉంది. అంటే సొంత గాదెలోకి దిగే రైతుకూ, అతని భార్యకూ కూడా చట్టం వర్తిస్తుంది. రైతులు ఊరుకోరు. 'జీతానికి పనిచేసే మనిషి' అని మారిస్తే సరిపోతుంది.

అతను కాగితాలు మడిచి ఇచ్చేశాడు. "బాగుంది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు."

ఫిబ్రవరిలో కమిటీ విచారణకు అతను పనిగట్టుకుని రాజధాని బిస్మార్క్ వెళ్లి చివరి వరసలో కూర్చున్నాడు. ఒక రైతు లేచి అడిగాడు: "నా గాదెలోకి నేను దిగడానికి మీ పర్మిషన్ కావాలా అమ్మా?" హాలంతా గోలయింది. మార్లిస్ తడబడింది. బిల్లు వీగిపోయింది. మళ్లీ సభ కూడేది రెండేళ్లకి. తిరుగు ప్రయాణంలో వెర్లిన్ కారులో ఈలపాట పాడుకున్నాడు.

ఆ అక్టోబరులో డ్వేన్ షాట్జ్ గడ్డకట్టిన గోధుమలు పొడవడానికి ఒంటరిగా గాదెలోకి దిగాడు. కింద యంత్రం నడుస్తూనే ఉంది; జారే గింజలు అతన్ని నిలువునా లోపలికి లాగేశాయి. గాదెను కోసి అతన్ని బయటికి తీసేసరికి ఊపిరి లేదు.

పది రోజుల తర్వాత అతని భార్య జోలీన్ వెర్లిన్ ఆఫీసుకు వచ్చింది.

"బయట ఒక మనిషిని పెట్టాలని చట్టం ఏమన్నా ఉందా లాయరుగారూ?"

"లేదమ్మా."

"వస్తుందని డ్వేన్ అనేవాడే?"

"వీగిపోయింది."

"మంచిదేగా, ఎందుకు పోయింది?"

వెర్లిన్ బల్ల మీది కాగితాలు సర్దాడు. ఆమె వెళ్లాక నేరుగా మార్లిస్ ఇంటికి నడిచాడు. వాకిట్లోనే నిలబడి అంతా చెప్పేశాడు.

"నామీద అంత కడుపుమంటా?" అంది మార్లిస్. "నాకేం పోయింది వెర్లిన్? నా సీటు నాకుంది. మర్నాడు మళ్లీ సభకెళ్లాను. నువ్వు నన్ను కొట్టాననుకున్నావు. దెబ్బ డ్వేన్‌కి తగిలింది."

లోపలికి రమ్మని అనలేదు.

మరుసటి సభలో బిల్లు మళ్లీ వచ్చింది. ఈసారి వెర్లిన్ సాక్షిగా లేచి, "పోయినసారి ఈ లోపం నాకు ముందే తెలుసు. ఆమె పేరు పెరగడం చూడలేక దాచాను" అని అందరి ముందూ చెప్పాడు. బిల్లు నెగ్గింది.

బయట వసారాలో జోలీన్ అతనికి ఎదురైంది. అతను చాచిన చేయి ఆమె అందుకోలేదు.

"ఆ మాట అప్పుడే చెప్పుంటే మా ఆయన ఇంటికొచ్చేవాడు" అని, కోటు బొత్తాలు పెట్టుకుని మంచులోకి వెళ్లిపోయింది.

మంచిపని ఎవరి పేరు మీద జరిగితేనేం? ఆ పేరును చూసి ఓర్వలేక దాన్ని ఆపినవాడు, దానికోసం ఎదురుచూస్తున్న మనిషి ప్రాణానికి జవాబు చెప్పుకోవాలి.