తొమ్మిది తొమ్మిదులు

"కోరిన్, నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?" అని రసెల్ స్నానాల గదిలోంచి కేకేశాడు. కోరిన్ ఒక చేత్తో అత్తగారికి గుడ్లు వేయిస్తూ, రెండో చేత్తో అదే చొక్కాని ఇస్త్రీ బల్ల మీదనుంచి తీస్తోంది. చొక్కా ఎక్కడుందో ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకే కాలేజీలో డాక్టరీ చదువుతున్నారు, అవే పరీక్షలు, అవే రాత్రి డ్యూటీలు. అయినా చొక్కాల జ్ఞానం ఒక్కటి ఆమె వాటాకే వచ్చింది.

అది మార్చిలో మూడో సోమవారం. దేశంలో ఆఖరి సంవత్సరం వైద్య విద్యార్థులందరికీ సరిగ్గా పదింటికి ఒక ఈమెయిలు వస్తుంది. రెసిడెన్సీలో, అంటే డాక్టరీ అయ్యాక ఆస్పత్రిలో చేసే పై శిక్షణలో, సీటు వచ్చిందో లేదో అందులో ఉంటుంది, అంతే. ఎక్కడ వచ్చిందన్నది శుక్రవారం దాకా ఎవరికీ తెలియదు. కొడుకు సంతోషాన్ని కళ్ళారా చూడాలని లొరెట్టా ఆదివారమే వీళ్ళుండే టొలీడోలో దిగింది. కోడలు కూడా అదే ఈమెయిలు కోసం చూస్తోందన్న సంగతి ఆవిడకి గుడ్లలో ఉప్పు తక్కువైందని చెప్పేటప్పుడు గుర్తున్నట్టు లేదు.

పదయింది. హాల్లోంచి రసెల్ "వచ్చింది! అమ్మా, వచ్చింది!" అని గంతేశాడు. పొయ్యి పక్కన నిలబడి కోరిన్ తన ఫోన్ తెరిచింది. మీకు ఏ సీటూ లభించలేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము, అని ఉంది. మళ్ళీ చదివింది. పేరు తనదే. పిల్లల వైద్యంలో పద్నాలుగు ఇంటర్వ్యూలకి వెళ్ళింది. మార్కుల్లో రసెల్ కంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంది. నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందని ప్రొఫెసర్లే అన్నారు. ఫోన్ బోర్లించింది. ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.

లొరెట్టా వచ్చి భుజం మీద చెయ్యేసింది. "బాధపడకమ్మాయ్. ఒక్క ఏడాదే కదా. బోస్టన్‌లో ఇల్లు వెతుక్కుని సామాన్లు సర్దుకునేసరికే గడిచిపోతుంది. ఈలోగా దేవుడు చల్లగా చూస్తే ఓ మనవడో మనవరాలో..."

కోరిన్ పొయ్యి ఆపేసింది.

"బోస్టన్ అని మీకెవరు చెప్పారు?"

లొరెట్టా చెయ్యి భుజం మీదనుంచి జారిపోయింది. "అదే... వాడికి మొదట్నుంచీ ఇష్టం కదా అని..."

ఇష్టమే. మెదడు ఆపరేషన్లు నేర్చుకోవడానికి బోస్టన్‌ని మించింది లేదని పెళ్ళికి ముందునుంచీ అంటూనే ఉన్నాడు. కానీ బోస్టన్‌లో కోరిన్‌ని ఒక్క ఆస్పత్రీ ఇంటర్వ్యూకి పిలవలేదు. ఇద్దరూ జంటగా, ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్ళు, కోరుకునే ఆస్పత్రుల జాబితా రాశారు. ఒక్కో వరుసలో అతని ఆస్పత్రి ఒకటి, ఆమె ఆస్పత్రి ఒకటి. సీట్లు పంచే కంప్యూటరు పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఇద్దరికీ కుదిరిన మొదటి వరుస దగ్గర ఆగిపోతుంది. ఒకరికి ఆస్పత్రి రాసి రెండోవారి గడిలో తొమ్మిది తొమ్మిదులు వేస్తే, ఈ రెండోవారికి సీటు లేకపోయినా ఫరవాలేదు, మొదటివారికి ఇవ్వండి అని అర్థం. అలాంటి వరుసల్ని ఏ జంటయినా అట్టడుగునే పెడుతుంది, ఇద్దరం మునగడం కంటే ఒకరైనా తేలితే నయమని. వీళ్ళు ముప్ఫై ఒకటో వరుస నుంచి పెట్టారు. పైన ముప్ఫై వరుసల్లోనూ ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నారు. ఆ ఊళ్ళ కోసం ఆమె తనకి నచ్చిన మూడు ఆస్పత్రుల్ని వదులుకుంది. "మనం అంటే మనమే" అని రసెల్ ఆ రోజు ఆమె నుదుటి మీద ముద్దు కూడా పెట్టాడు.

ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి బల్ల మీదే తెరిచింది. మొదటి వరుస: అతనికి బోస్టన్. ఆమెకి తొమ్మిది తొమ్మిదులు.

ఈ నెల మొదట్లో, జాబితాకి గడువు ముగిసిన రోజు మధ్యాహ్నం, ఆమె కంటి ఆస్పత్రిలో ఉంది. లొరెట్టాకి శుక్లాల ఆపరేషన్. తీసుకెళ్ళడానికి కొడుక్కి తీరిక లేకపోతే, కోడలు తన డ్యూటీ మార్పించుకుని రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్ళింది. అక్కడ ఉండగా రసెల్ ఫోన్ చేశాడు. "నీ జాబితాలో ఒక అంకె తప్పు పడినట్టుందే. నీ పాస్‌వర్డ్ చెప్పు, నేను సరిచేస్తాలే. నువ్వు అమ్మ దగ్గరుండు." చెప్పింది. కాసేపటికి మీ జాబితా మారిందని ఈమెయిలొచ్చింది. సరిచేశాడు కాబోలనుకుని, లొరెట్టా కంట్లో చుక్కలు వేసింది. ఆ చుక్కలు వేస్తున్నప్పుడు ఆవిడ "నువ్వు బంగారం అమ్మా" అంది. అప్పటికే ఆవిడకి తెలుసా? ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా మండుతోంది.

రసెల్ నీలం చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, తెర వైపు చూసి ఆగిపోయాడు. తల్లి మెల్లగా హాల్లోకి జారుకుంది.

"కోరిన్, విను. పిల్లల వైద్యానికి వచ్చే ఏడాదైనా సీట్లుంటాయి. నాది అలా కాదు, ఇప్పుడు పోతే మళ్ళీ రాదు. నీకు చెబితే ఒప్పుకునేదానివే, నీ మనసు నాకు తెలీదా? అనవసరంగా గొడవెందుకని..."

"ఒప్పుకునేదాన్నయితే అడగొచ్చు కదా?"

"అడిగితే ఏడ్చేదానివి."

అవును, ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి, చివరికి ఒప్పుకునేదేమో కూడా. అదే ఆమెని ఎక్కువ కోసింది. తన మంచితనాన్ని అతను ఇంత కచ్చితంగా కొలిచి పెట్టుకున్నాడు, ఆ కొలత తప్పు కూడా కాదు. నాలుగేళ్ళ నోట్సులు, టిఫిన్లు, అతను దరఖాస్తులో రాసిన వ్యాసానికి ఆమె దిద్దిన పదకొండు ప్రతులు, అన్నీ కలిపి తననొక నమ్మకమైన మెత్తటి దిండుగా మార్చాయి. ఎక్కడ తల పెట్టుకున్నా నొచ్చుకోదు.

"ఎవరికీ చెప్పకు, ప్లీజ్. నీ పాస్‌వర్డ్ వాడానని తెలిస్తే నా సీటు పీకేస్తారు. ఇద్దరం రోడ్డున పడతాం."

ఆమె ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. సీటు రానివాళ్ళకి ఆ వారంలోనే ఇంకో అవకాశం ఉంటుంది. నిండని సీట్ల జాబితా అప్పటికే తెరిచి ఉంది, అందులోంచి నలభై అయిదు చోట్లకి దరఖాస్తు పంపుకోవచ్చు. సాయంత్రం దాకా కూర్చుని తనే ఏరుకుంది. మధ్యాహ్నం ఎవరూ వంట చేయలేదు. లొరెట్టా బిస్కెట్లు తిని, ఈ ఇంట్లో ఆకలికి విలువ లేదంది. రసెల్ వెనకనుంచి తొంగి చూసి, "బోస్టన్ చుట్టుపక్కల ఒక్కటీ పెట్టలేదేం?" అన్నాడు. అప్పటికే పంపేసింది.

బుధవారం పొద్దున న్యూ మెక్సికోలోని ఒక చిన్న ఆస్పత్రి వాళ్ళు వీడియోలో మాట్లాడతామన్నారు. రసెల్ ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెళ్ళి చేసుకుంటావా అని అడిగిన రోజు కూడా అలా కూర్చోలేదు.

"సీటు ఎందుకు రాలేదని తప్పకుండా అడుగుతారు. మరీ పెద్ద ఆస్పత్రులకి ఆశపడ్డాను, లెక్క తప్పాను అని చెప్పు. అందరూ అదే చెబుతారు. నీకేం నష్టం లేదు."

నష్టం లేదట. ఆ తప్పు కూడా తనే నెత్తిన వేసుకోవాలి, అదీ నవ్వుతూ.

తెర మీద డాక్టర్ లుహాన్ అనే పెద్దావిడ కనిపించింది. నెరిసిన జడ, చేతిలో కాఫీ కప్పు. కోరిన్ చూసిన పిల్లల గురించి, చేసిన డ్యూటీల గురించి పావుగంట అడిగింది. చెబుతూ ఉంటే కోరిన్‌కి తన గొంతు తనకే బాగా వినిపించింది. చివరికి ఆవిడ కాగితాలు పక్కన పెట్టి కళ్ళద్దాలు తీసింది.

"ఒక్క సంగతి అర్థం కావట్లేదమ్మా. ఇన్ని మార్కులు, ఇంత మంచి సిఫార్సు ఉత్తరాలు. పద్నాలుగు చోట్ల పిలిచారు. నీకు సీటు ఎందుకు రాలేదు?"

కెమెరాకి అందకుండా గుమ్మంలో నిలబడిన రసెల్ రెండు చేతులూ జోడించాడు. అతని వెనక లొరెట్టా వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది. కోరిన్ వాళ్ళిద్దరినీ చూసింది. ఏడుపు వస్తుందేమోనని ఒక క్షణం ఆగింది. రాలేదు.

"ఆ జాబితా నేను రాయలేదండి," అంది. "నా పాస్‌వర్డ్‌తో నా భర్త రాశారు."