పద్నాలుగు అంగుళాల కంత

మా బాబాయి లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్లుగా అదే పని. లిఫ్టు ఎక్కి ఒక్క అంతస్తు వెళ్తే చాలు, చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున, పళ్ల డాక్టరు ఉండే భవనంలో, లిఫ్టు పైకప్పులో ఇరుక్కుపోయాడు.

పాత లిఫ్టులకి పైకప్పులో ఒక కంత ఉంటుంది. లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోతే మెకానిక్ ఆ కంతలోంచి పైకెక్కి పని చూడాలి. ఆ భవనంలోది పద్నాలుగు అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల పొడవు. బాబాయి తల పట్టింది, భుజాలు పట్టాయి, పొట్ట మాత్రం నేను రానంది. పై సగం బాబాయి చీకట్లో తీగల మధ్య, కింది సగం బాబాయి వెలుతురులో, బూట్లు ఊపుకుంటూ. వెంట వెళ్లిన సూపర్‌వైజరు ఒక కాలు, పన్ను పీకించుకోవడానికి వచ్చిన పెద్దాయన ఒక కాలు పట్టుకుని లాగితే ఊడొచ్చాడు. నవ్వీ నవ్వీ పెద్దాయన పన్ను నొప్పే మర్చిపోయాడట.

సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. "రెండు నెలలు టైమిస్తున్నా. మళ్లీ ఇదే కంతలోంచి ఎక్కి చూపించు. ఎక్కలేకపోతే ఆఫీసులో ఫోను దగ్గర కూర్చో" అన్నాడు.

బాబాయి ఇంటికొచ్చి కూలబడ్డాడు. "లిఫ్టులో ఎవరో ఇరుక్కుని ఏడుస్తుంటే, 'కంగారు పడకండి, మా మనిషి వస్తున్నాడు' అని నేను చెప్పాలా? ఆ వచ్చే మనిషిని నేనే కదే!"

పిన్ని మిషను ఆపలేదు. ఆమె బట్టలు కుడుతుంది. ముందు గదే కొట్టు. మా ఊళ్లో స్కూలు చదువు అయ్యాక నేను ఆమె దగ్గర పని నేర్చుకుంటూ అక్కడే ఉంటున్నాను. పనిలో ఉన్నంతసేపూ పిన్ని పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు ఉంటాయి. అవి తీసి అరచేతిలో పెట్టుకుందంటే ముఖ్యమైన మాటే చెప్తుందని లెక్క.

సూదులు తీసింది. "రేపట్నుంచి ఈతకి వెళ్లండి."

"నాకు ఈత రాదే."

"వస్తే ఎప్పుడో వెళ్లేవారు. రాదు కాబట్టే నేర్చుకోమంటున్నా. పరుగంటే మోకాళ్లు అంటారు, జిమ్మంటే నలుగురు నవ్వుతారు అంటారు. నీళ్లలో పొట్ట ఎవరికీ కనబడదు."

ఈత చెడ్డీ పిన్నే కుట్టింది. నడుముకి ఎలాస్టిక్ చాలక రెండు ముక్కలు అతికింది. కంత కొలతలు కాగితం మీద రాసుకుని, వీధి చివర వడ్రంగి దగ్గరికి వెళ్లి, ఒక ప్లైవుడ్ చెక్కకి కంత కోయించుకొచ్చింది. ప్రతి ఆదివారం బాబాయి చేతులు పైకెత్తి నిలబడాలి. మేమిద్దరం స్టూళ్లెక్కి ఆ చెక్కని, చొక్కా తొడిగినట్టు, తల మీదుగా దింపాలి. అది ఎక్కడ ఆగితే అక్కడ పిన్ని బనీను మీద సుద్దతో గీత గీస్తుంది. మొదటి ఆదివారం గీత రొమ్ము కిందే పడింది.

ఈతకొలను మా ఇంటికి రెండు వీధుల అవతల. అక్కడ ఈత నేర్పే ఆవిడకి అరవై దాటాయి. ఎండు పుల్లలా ఉంటుంది. మెడలో విజిల్ తియ్యదు కాబట్టి అందరూ విజిలమ్మ అంటారు.

"ఒళ్లు తగ్గాలంటే దీన్ని మించింది లేదండీ" అంది మొదటి రోజే. "నడిస్తే కాళ్లు పని చేస్తాయి, బరువులెత్తితే చేతులు పని చేస్తాయి. నీళ్లలో దిగితే ఒంట్లో ఏ కండకీ సెలవు దొరకదు. పైగా సరదా. దిగండి లిఫ్టుగారూ!"

లిఫ్టుగారు దిగారు. నడుం లోతులో నిలబడ్డారు. అక్కడే నిలబడి ఇద్దరు మనుషులతో స్నేహం చేసుకున్నారు. ఒకాయన మంగలి, ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. ముగ్గురూ నీళ్లలో నిలబడి లోకంలోని సంగతులన్నీ తేల్చారు, తాము మాత్రం తేలలేదు.

నాలుగో రోజుకి పిన్నికి అనుమానం వచ్చింది. "నువ్వూ వెళ్లు. ఈత కొడుతున్నాడో కబుర్లు కొడుతున్నాడో చూసి రా."

అంచులు కుట్టాల్సిన బట్టలు సంచిలో వేసుకుని గట్టు మీద బెంచీలో కూర్చున్నాను. బాబాయి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లినప్పుడల్లా గుండుసూదులు గుచ్చే చిన్న దిండులో ఒక సూది గుచ్చాలని పిన్ని ఆజ్ఞ. మొదటి వారం దిండులో ఒక్క సూదీ లేదు. రెండో వారం రెండు. మూడో సూది తీశాను గానీ, బాబాయి సగంలో గట్టు పక్క కడ్డీ పట్టుకుని ఆగిపోతే మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

"నాకో సూది అప్పు పెట్టరాదా తల్లీ" అన్నాడు రొప్పుతూ.

నేను తల అడ్డంగా ఊపాను.

"అచ్చం మీ పిన్నివే."

మూడో వారం ఒక వింత జరిగింది. విజిలమ్మ ఆయన్ని వెల్లకిలా పడుకోమంది. పడుకున్నాడు. తేలాడు. చెవుల్లో నీళ్లు, కళ్ల ముందు రేకుల కప్పు, మధ్యలో దీవిలా పొట్ట.

"అమ్మాయ్! మోటారు లేదు, తీగ లేదు, మనిషి పైకొచ్చేశాడు చూశావా!" అని అరిచాడు. ఆ అరుపుకి మళ్లీ మునిగాడు. ఆ రోజు నుంచి మాత్రం కబుర్లు మానేశాడు. విజిలమ్మ కంటే ముందే గేటు దగ్గర నిలబడేవాడు. మంగలి, మాస్టారు నడుం లోతులోనే ఉండి, "పెద్ద ఓడ వస్తోంది, జరగండి" అని దారి ఇచ్చేవారు.

అయితే ఈతతో పాటు ఆకలి వచ్చింది. ఇంటికి రాగానే ఆరు బ్రెడ్డు ముక్కలు, నాలుగు గుడ్లు, రెండు అరటిపళ్లు. ఆ ఆదివారం సుద్దగీత కిందికి దిగడం మానేసి అంగుళం పైకెక్కింది. మర్నాటి నుంచి బ్రెడ్డు డబ్బా మిషను కింద, ఆమె కాళ్ల దగ్గర కనబడింది.

ఏడో వారానికి దిండులో నలభై సూదులు. మూడంతస్తులు మెట్లెక్కినా ఆయాసం లేదు. పిన్ని ఆయన ప్యాంట్లు రెండుసార్లు నాచేత బిగించి కుట్టించింది. అంత తగ్గినా చెక్క మాత్రం బొడ్డు దగ్గరే ఆగిపోతోంది. నాకు అర్థం కాలేదు. ప్యాంటు నడుము నేనే విప్పాను, నేనే కుట్టాను. నాలుగంగుళాల గుడ్డ లోపలికి పోయింది. మరి చెక్కకి ఏమైంది?

శనివారం దుమ్ము తుడుస్తూ చెక్క కంత మీద టేపు పెట్టాను. వెడల్పు పన్నెండున్నర.

పిన్ని వైపు చూశాను. ఆమె మిషను ఆపి, నోట్లో సూదులు తీసింది.

"మీ బాబాయి ఆరంభశూరుడు. పద్నాలుగు పట్టిందంటే ఆ రోజే ఈత చాలిస్తాడు. పరీక్ష నాటికి మళ్లీ పొట్ట మామూలే. మనం జాకెట్టు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదలమూ? ఇదీ అంతే. నోరు మూసుకో." సూదులు మళ్లీ పెదాల మధ్యకి వెళ్లాయి.

నోరు మూసుకోవడం నాకు కొత్తేమీ కాదు. మూసుకున్నాను.

రెండు నెలలు నిండాయి. పరీక్ష సోమవారం. ఆదివారం పొద్దున ఆఖరిసారి చెక్క దింపాం. బొడ్డు దాటింది, ఇంకో వేలెడు దిగింది, ఆగింది. బాబాయి ఊపిరి బిగబట్టాడు. కదల్లేదు. పిన్ని గీత గీసి, పెళ్లివారి బట్టలు మధ్యాహ్నానికి ఇవ్వాలని వెంటనే మిషను ముందు కూర్చుంది. బాబాయి చెక్కలోంచి బయటపడి, నిదానంగా చొక్కా వేసుకుని, ఫోను తీశాడు.

"ఊఁ?" అంది పిన్ని సూదుల మధ్యనుంచే, ఎవరికన్నట్టు.

"సూపర్‌వైజరుకి. మళ్లీ నలుగురి ముందు కాళ్లు ఊపుకుంటూ వేలాడలేను. ఫోను దగ్గర ఆ కుర్చీ ఏదో వెయ్యమని నేనే చెప్పేస్తా."

అటువైపు ఫోను మోగడం నాకు వినిపిస్తోంది. పిన్ని కంగారుగా లేచింది. నోట్లో ఆరు సూదులు, ఒళ్లో పట్టు గుడ్డ, కాళ్లకి చుట్టుకున్న దారం. "ఊ... ఊ..." అంటోందే తప్ప మాట రావడం లేదు. ఒక్కొక్క సూదీ తీసే లోపల ఆయన ఉద్యోగం పోయేలా ఉంది.

నేను మెళ్లో టేపు తీసి బాబాయి చేతిలో పెట్టాను. "బాబాయ్, ఆ కంత నువ్వే కొలువు."

ఆ ఇంట్లో నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఆ ఆశ్చర్యానికే ఫోను కట్ చేశాడు. కొలిచాడు. కళ్లు నులుముకుని మళ్లీ కొలిచాడు.

"పన్నెండున్నరేమిటే?"

పిన్నికి ఆఖరి సూది ఊడొచ్చింది. "లోపల కొంచెం గుడ్డ వదిలా."

"నేను మనిషినా, జాకెట్టునా?"

"జాకెట్టయితే ఇంత ఇబ్బంది లేదు. చెప్పినట్టు వింటుంది."

బాబాయి ఆమె వంక చూశాడు, చెక్క వంక చూశాడు, పొట్ట వంక చూసుకున్నాడు. ముందు కోపం వచ్చింది. తర్వాత ఇంకేదో లెక్క తట్టినట్టు మొహం విప్పారింది. "అయితే పద్నాలుగులో... నేను పడతానన్నమాట."

"పట్టడమా, జారతారు" అంది పిన్ని.

సోమవారం నేను కూడా వెళ్లాను. బాబాయి నిచ్చెన ఎక్కాడు. తల, భుజాలు, పొట్ట, బూట్లు, ఒకదాని వెంట ఒకటి మాయమయ్యాయి. కింద సూపర్‌వైజరు కాగితం మీద టిక్కు పెట్టేలోపు బూట్లు మళ్లీ దిగాయి. మళ్లీ ఎక్కాయి. మళ్లీ దిగాయి.

"ఒక్కసారి చాలయ్యా" అన్నాడు సూపర్‌వైజరు.

"మీకు చాలు సార్" అన్నాడు బాబాయి, నాలుగోసారి ఎక్కుతూ.

ఆ సాయంత్రం పిన్ని ఆయనకి కొత్త ప్యాంటు ఇచ్చింది. సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఏ కొలతనీ నమ్మని మనిషి కదా, విప్పి లోపలికి తిప్పి చూశాడు. నడుము కుట్టులో రెండంగుళాల గుడ్డ మడిచి ఉంది.

"ఇదేంటే? నా మీద నమ్మకం లేదా?"

పిన్ని సూదులు తీసి అరచేతిలో పెట్టుకుంది. "మీ మీద ఉందండీ. మీ ఆకలి మీదే లేదు."

బాబాయి టేపుతో రెండంగుళాలూ కొలిచి, ప్యాంటు మడిచి, ఈత చెడ్డీ సంచిలో పెట్టుకున్నాడు. "అమ్మాయ్, రేపు సూదులు ఎక్కువ పట్టుకురా."