తొంభై ఒకటో రోజు

డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో పదహారేళ్లు జడ్జిగా పనిచేసి 2011లో రిటైరయ్యాక, పరంధామయ్య ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక లా ఫర్మ్‌లో చేరాడు. ఆయన కాఫీకి వెళితే అక్కడి కబుర్లు ఆగిపోయేవి. కప్పు నింపుకుని గదికి వచ్చి, తలుపు తెరిచే ఉంచేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు.

మరుసటి చలికాలం త్రివేణి తన కేసు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. కారు విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. గర్భవతినని చెప్పిన నెలకే ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె ఫిర్యాదుకు జవాబుగా, కోర్టుకు వెళ్లవచ్చని ప్రభుత్వం పంపిన ఉత్తరం అందాక తొంభై రోజుల్లో దావా వేయాలి. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆమె కాన్పుకు ఆస్పత్రిలో ఉంది. దావా తొంభై ఒకటో రోజున వేసింది.

"ఒక్క రోజే కదా అంకుల్. సిజేరియన్ అయ్యింది, లెటర్ ఓపెన్ చేసేసరికే వారం దాటింది."

"చూద్దామమ్మా," అన్నాడు.

కోర్టులో కంపెనీ లాయరు 1998 నాటి తీర్పొకటి చదివాడు. ఆస్పత్రిలో ఉన్నంత మాత్రాన గడువు ఆగదని అందులో ఉంది. రాసింది పరంధామయ్యే. కేసు కొట్టేశారు.

బయట వరండాలో త్రివేణి అడిగింది. "అది మీ జడ్జిమెంటేనని మీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా. దాని జోలికి పోకుండా గెలవచ్చనుకున్నాను. తప్పు రాశానని చెప్పడానికి నోరు రాలేదు."

"ఇప్పుడు వస్తుందా?" అంది.

ఆయన అప్పీలు వేశాడు. ఎక్కువగా కంపెనీల తరఫు కేసులు చూసే ఫర్మ్‌కి ఆ పాత తీర్పే అండ. అప్పీలో, ఫర్మో తేల్చుకోమన్నారు అక్కడివాళ్లు. ఆయన తన పుస్తకాలు తానే కారులోకి మోసుకుని, ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన గది అద్దెకు తీసుకున్నాడు.

సిన్సినాటిలోని అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీల ముందు నిలబడ్డాడు. "ఆ తీర్పు నేను రాసిందే. చట్టం చదివాను కానీ, నా ముందున్న మనిషి పరిస్థితి చూడలేదు. అది తప్పు," అన్నాడు. తిరుగు దారిలో నాలుగున్నర గంటలు ఒంటరిగా డ్రైవ్ చేశాడు.

మూడు నెలలకు తీర్పు వచ్చింది. ఇద్దరు ఆయన మాట ఒప్పుకున్నారు, ఒకరు కాదన్నారు. త్రివేణి కేసు మళ్లీ నిలబడింది. ఫోన్ చేస్తే ఆమె ఏడ్చింది. వెనక పాప కూడా ఏడుస్తోంది. "మళ్లీ చేస్తాను అంకుల్," అని పెట్టేసింది.

ఈ సంగతి ఇంకెవరికి చెప్పాలో ఆయనకు తోచలేదు. 1998 కేసు పాత ఫైలు తీశాడు. ఆనాడు కేసు పోగొట్టుకున్నవాడు కర్టిస్ బోల్డెన్, లోహాలు కరిగించి పోతపోసే ఫౌండ్రీలో చేతులు కాలిన కార్మికుడు. నంబరు వెతికి ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. ఆయన తానెవరో, ఎందుకు చేశాడో చెప్పాడు.

"నాన్న పక్కనే ఉన్నారు," అందామె తండ్రిని అడిగి. "మీతో మాట్లాడరట."

"సరేనమ్మా. కొత్త తీర్పు కాపీ పంపమంటారా?"

అవతల గుసగుసలు వినిపించాయి. "పంపమంటున్నారు."

అడ్రసు రాసుకుని, పేజీలన్నీ ప్రింట్ తీసి, పోస్టాఫీసు మూసేలోగా వెళ్లి పంపాడు. జవాబు రాలేదు. కొన్నాళ్లపాటు మాత్రం ఆయన మెట్లు దిగి రోజూ మెయిల్ బాక్స్ చూసుకునేవాడు.