పేరు కలిసిన సెన్సరు

ఏవోయ్, కంప్యూటరు మాట వినగానే ఆవలిస్తున్నావా? నోరు మూసుకో, ఈగ దూరుతుంది. ఇది పెళ్ళి కథే.

ఆ పొద్దున పెళ్ళిళ్ళ పేరయ్య పళ్ళ గిడ్డంగిలో, చల్లటి సిమెంటు నేలమీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. యంత్రాలకు సంబంధాలు కుదర్చడం అతని పని, అందుకే ఆ పేరు. బోర్డుకు ఏమేం తగిలించారో, యంత్రంలోనే నాటిన ఫర్మ్‌వేరు ప్రోగ్రాములో పేర్లతో సహా రాసి ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టం లేస్తూనే ఆ రాత చదివి, "ఆ పేరు నాదే" అన్న డ్రైవరును, అంటే ఆ వస్తువు మాట సిస్టానికి చేరవేసే ప్రోగ్రామును, పిలిచి ముడిపెడుతుంది. జాతకం చూస్తుంది తప్ప పిల్ల మొహం చూడదు.

"లోకంలో సామాన్లన్నిటికీ సంబంధాలు చూస్తావు, మనింట్లో ఫ్యానుకీ స్విచ్చికీ మాత్రం పడదు," అని పెళ్ళాం రోజూ దెప్పుతుంది. ఈ పూటా దెప్పింది. నవ్వుకుంటూ వానలో వచ్చి, తడి గొడుగు గిడ్డంగి గోడకు ఆనించాడు.

పళ్ళు చెడకుండా ఆ గిడ్డంగి గదుల్లో ప్రాణవాయువు తీసేసి వేరే గాలి నింపుతారు. వాసన రాదు, దగ్గు రాదు. తెలియక అడుగుపెట్టినవాడు రెండు ఊపిర్లలో కూలిపోతాడు. తలుపు పక్కన మీటరు, బయటి గాలిలాగే ప్రాణవాయువు నూటికి ఇరవయ్యొకటి చూపితేనే లోపలికి వెళ్ళాలి.

ఆ మీటరుకు గాలి లెక్క చెప్పే పాత సెన్సరు నిన్న చచ్చింది. కొత్తది వేరే కంపెనీది, దానికి డ్రైవరు ఇంకా రాలేదు. యజమాని ఆగేట్టు లేడు. కొనేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళకు చూపించడానికి లోపలినుంచి ఒక పెట్టె కావాలి. పేరయ్య ఫర్మ్‌వేరులో కొత్తదాని పేరు చెరిపి పాతదాని పేరు రాశాడు. ఇలాంటి దొంగ సంబంధాలు చాలానే చేశాడు, అన్నీ కాపురాలు చేసుకుంటున్నాయి. సిస్టం లేచింది. పాత డ్రైవరు పొంగిపోతూ వచ్చి కొత్త సెన్సరు పక్కన కూర్చుంది. మీటరులో పచ్చగా ఇరవయ్యొకటి.

"చూశావురా, ముడి పడింది!"

గిడ్డంగి చూసుకునే బామ్మర్ది బుర్ర గోక్కున్నాడు. "పొద్దున్నుంచీ గది గాలి మార్చే పంకా తిరుగుతోందనుకో. అయినా ఎందుకో భయంగా ఉంది బావా. చేతి మీటరు తెప్పించి ఓసారి చూద్దాం."

"పోరా పిరికి వెధవా! మీ అక్కకే భయపడనివాణ్ణి, గాలికి భయపడతానా?"

పంకా తిరుగుతూనే ఉంది. కానీ పైన గాలి పోయే మూత తెరుచుకోకుండా బిగుసుకుపోయిందని ఎవరూ చూడలేదు. కొత్త సెన్సరు పదో వంతుల్లో లెక్క చెబుతుందనీ, అది ఇరవయ్యొకటంటే అసలు రెండు పైచిలుకేననీ పేరయ్య చూడలేదు. పాత డ్రైవరుకు ఆ లెక్క తెలియదు, విన్నది విన్నట్టు అప్పజెప్పింది.

పెట్టె తానే తెస్తానని పేరయ్య తలుపు లాగి లోపలికి వెళ్ళాడు. చల్లగా, తియ్యగా పళ్ళ వాసన. మూడో వరుసలో పెట్టెకు చెయ్యి చాచాడు. అలసిన మనిషి కూర్చున్నట్టే మెల్లగా కూర్చుని, పెట్టెలకు తల ఆనించాడు.

బయటినుంచి బామ్మర్ది పగలబడి నవ్వాడు. "అబ్బ, ఏం వేషం బావా! లే లే, నన్ను భయపెట్టలేవు."

బావ లేవలేదు.

"బావా?"

గడప దాటబోయి ఆగాడు. అలారం మీట కొట్టి కేకలు పెట్టాడు. వీపున గాలి సిలిండర్లు తగిలించుకున్నవాళ్ళు వచ్చి మోసుకొచ్చేసరికి, ఇక తొందరపడాల్సిన పని లేకపోయింది.

మోసపోయింది సిస్టం అనుకుంటున్నావా? పాపం, అది రాసింది చదివిందంతే. ఆ రాతను ప్రాణం పెట్టి నమ్మినవాడు మాత్రం రాసినవాడే.

గోడకు ఆనించిన అతని గొడుగు ఇంకా ఆరలేదు.