తాళం తీయాల్సిన మనిషి

పిచ్చుక శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చింది. ట్రైనింగుకి వెళ్ళాక గడప తొక్కడం ఇదే మొదటిసారి. పొద్దున్నుంచీ తల్లి కుట్టుమిషను ముందు కూర్చుందన్న మాటే గాని, కుట్టిన చొక్కా చేతులు రెండూ ఒకే వైపువి. వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చేది.

పిచ్చుక అసలు పేరు కాదు. నడక కుదురుకోకముందే బీరువా మీదికెక్కి కూర్చునేదని తండ్రి పెట్టిన పేరు. ఆ పేరు పెట్టినందుకే పిల్లకి ఎక్కే బుద్ధి పోలేదని తల్లి ఇప్పటికీ ఆయన్ని సాధిస్తూనే ఉంటుంది. కరెంటు కంపెనీ తనకి కావలసిన పిల్లల్ని తనే ఎంచుకుని, తిండీ పడకా ఇచ్చి, పని నేర్పించి, నెగ్గినవాళ్ళని తనే ఉద్యోగంలో పెట్టుకుంటుందని తెలిసినప్పుడు ఊళ్ళో పిల్లలందరికంటే ముందు పరిగెత్తింది ఇదే. కంపెనీ ఆఫీసులో కూర్చోబెడుతుందనుకుంది తల్లి. స్తంభాలెక్కిస్తుందని తెలిసిన రోజు ఆవిడకి ముద్ద దిగలేదు. ఆనాటి నుంచీ గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కూతురికి ఫోను చేసేది.

భోజనాల దగ్గర కూతురి అరచేతులు చూసి ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇవేం చేతులే? గరుకు కాగితంలా ఉన్నాయి!"

"పట్టు జారకుండా ఉండాలంటే ఇలాగే ఉండాలమ్మా."

"జారడమేమిటే?" తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అయిపోయింది. ఇక ఈ పూటకి మనకి కూర వడ్డించదు," అన్నాడు తండ్రి. "నీ భయానికి జీతమిచ్చే కంపెనీ ఒకటి దొరికుంటే ఈపాటికి మేడ కట్టుండేవాళ్ళం."

"మీరు నోరుమూసుకు తినండి. ఒసే, నువ్వు పైన ఉండగా కింద ఎవడో మతిలేనివాడు స్విచ్చు వేశాడనుకో?"

"వేయలేడు. ఎక్కేముందు స్విచ్చు ఆపి, దానికి ఎవరి తాళం వాళ్ళు వేస్తాం. నా ఎర్ర తాళం మీద నా ఫొటో ఉంటుంది, చెవి నా జేబులో ఉంటుంది. నేను దిగొచ్చి నా చేత్తో తీస్తే తప్ప కంపెనీ యజమాని వచ్చినా కరెంటు వదల్లేడు. పనయ్యాక తాళమూ చెవీ కలిపి ట్రైనింగు యార్డులోనే అప్పజెప్పేస్తాం."

"ఎవడైనా రాయెట్టి కొడితే?"

"అమ్మా! ఆ తాళమంటే మాకు ఎంతో తెలుసా? మొన్న ఒకడు తీయకుండా సినిమాకెళ్ళాడు. వాణ్ణి మర్నాడే మూటాముల్లే సర్దించి ఇంటికి పంపేశారు."

తిన్నాక పిచ్చుక మంచం మీద వాలి, జడ దువ్వుతానని తల్లి దువ్వెన తెచ్చేలోపే నిద్రపోయింది. తండ్రి పనికి వెళ్ళిపోయాడు. కూతురు విడిచిన ప్యాంటు తడుపుదామని ఆవిడ పెరట్లోకి తీసుకెళ్ళి, అలవాటు కొద్దీ జేబులు తడిమింది. ఎర్ర దారం కట్టిన బుల్లి తాళంచెవి చేతికి తగిలింది.

చెవి ఇక్కడుందంటే తాళం అక్కడే ఉంది!

కూతుర్ని లేపుదామని గదిలోకి పరిగెత్తింది. కాని మంచం దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు ఆగిపోయాయి. పిల్ల చిన్నప్పటిలాగే నోరు కొంచెం తెరిచి, దిండుని కావలించుకుని పడుకుంది. ఇప్పుడు లేపితే వెంటనే వెళ్ళిపోతుంది. ఈ ఒక్క రాత్రి కోసం ఎన్నాళ్ళు ఎదురుచూసింది! లేపకపోతే? సోమవారం దాకా తాళం అక్కడే ఉండిపోతే? మూటాముల్లే సర్దించి పంపేస్తారు. ఇంటికే కదా పంపేది. ఇక స్తంభాలుండవు, గాలివానలుండవు. ఎదురుగా మిషను వేసుకుని ఇద్దరూ కుట్టుకోవచ్చు.

చెవి తీసుకెళ్ళి గుండీల డబ్బాలో వేసి మూత పెట్టింది. వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. కూతురి ఊపిరి వింటూ, నుదుటి మీద ఎండకి కమిలిన చోట వేలు ఆనీ ఆననట్టు రాస్తూ, ఎంతసేపు కూర్చుందో ఆవిడకే తెలియదు. చాలా రోజుల తర్వాత ఆవిడకి ఏ భయమూ లేదు.

దిండు పక్కన కూతురి ఫోను మోగింది. పిల్ల లేస్తుందేమోనని గబుక్కున తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

"ఎవరండీ? నేను వాళ్ళమ్మని."

"అమ్మా, నేను యార్డు మాస్టార్ని. మీ అమ్మాయి ఇంట్లో ఉందా?" మనిషి రొప్పుతున్నాడు.

"ఉంది. పడుకుంది."

"మీరు కళ్ళారా చూశారా? వెళ్ళి ఇంకోసారి చూసి చెప్పండమ్మా, దండం పెడతాను."

ఆవిడ వెళ్ళి చూసింది. ఊపిరి తీస్తోంది కూడానని చెప్పింది. అవతల ఆయన ఎవరితోనో, "ఇంట్లోనే ఉందిరా! అందరూ దిగండి, దిగండి!" అని అరిచాడు. తర్వాత చతికిలబడ్డట్టున్నాడు.

"తాళం ఉందంటే మనిషి పైన ఉన్నట్టే లెక్కమ్మా మాకు. తాళం చూసినప్పట్నుంచి ఒక్కో స్తంభం ఎక్కి వెతుకుతున్నాం. గోతులు కూడా చూశాం. ఆ కంగారులో ఫోను చేయాలని ఇప్పుడు తట్టింది."

ప్రపంచంలో ఆ పిల్ల గురించి ఇంత దూరం భయపడేది తనొక్కతేననుకుంది ఆవిడ ఇన్నాళ్ళూ.

"తాళం కోసేయలేరా బాబూ?"

"కత్తెర ఉంది. కోయను. వేసిన మనిషే వచ్చి తీయాలి. ఇవాళ ఒకసారి కోస్తే రేపు కోయడం అలవాటవుతుంది."

"మరి... పంపేస్తారా దాన్ని?"

"మొన్న పంపేసింది మరిచిపోయినవాణ్ణి కాదమ్మా. తీశానని అబద్ధమాడినవాణ్ణి. ముందు లేపండి."

ఆవిడ లేపింది. గుండీల డబ్బా తెరిచి చెవి చేతిలో పెట్టింది. పిచ్చుక మొహంలో నెత్తురు చుక్క లేదు. జడైనా వేసుకోకుండా లేచి బయల్దేరింది. "నువ్వెందుకమ్మా?" అంటున్నా వినకుండా తల్లి చెప్పుల్లో కాళ్ళు దూర్చింది.

బస్సు ఊరు దాటేదాకా పిచ్చుక తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉంది.

"ఎప్పుడు దొరికింది నీకు?" అంది చివరికి పిచ్చుక.

తల్లి కిటికీలోంచి చూస్తూ, "నువ్వు పడుకోగానే," అంది.

పిచ్చుక ఆవిడ వంక తిరిగి, చాలాసేపు చూసి, "ఇంకా నయం. చెవిని గుండీ అనుకుని చొక్కాకి కుట్టేయలేదు," అంది. నవ్వుదామనుకుంది గాని నవ్వు రాలేదు.

"అసలెలా మరిచిపోయావే, అంత గొప్ప తాళాన్ని?"

"ఇంటికొచ్చే బస్సు తప్పిపోతుందేమోనని పరిగెత్తానమ్మా. వారం నుంచీ ఉండబట్టలేదు నాకు."

తల్లి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లకి ఇల్లు గుర్తే రాదనుకుంది. ఫోనులో ఎప్పుడూ యార్డు కబుర్లేనాయె.

యార్డు గేటు దగ్గర మాస్టారు ఎదురొచ్చాడు. బక్కపల్చటి మనిషి, మోకాళ్ళకి మట్టి. పిచ్చుకని పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని గాని నోరు విప్పలేదు. అందరూ వరసల్లో నిలబడి చూస్తుండగా పిచ్చుక స్విచ్చు పెట్టె దగ్గరికి నడిచి తాళం తీసింది. "మరిచిపోయాను సార్. పరిగెత్తాను. తప్పు నాదే," అంది గట్టిగా, చివరి వరసకి కూడా వినబడేటట్టు.

"బ్యాచిలోనే ఉంటావు," అన్నాడాయన. "కాని రెండు నెలలు నేల మీద పనే. తాళ్ళు చుట్టు, సామాను తుడువు, పైకెక్కేవాళ్ళ తాళాలు చూస్తూ నిలబడు. సెలవులు లేవు. ఈ రాత్రి నుంచే."

రెండు నెలలు స్తంభం ఎక్కదు! తల్లికి ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? ఆ సంతోషంతోనే కూతురి వైపు తిరిగింది. పిచ్చుక తల ఎత్తి పైన తీగల్ని చూస్తోంది. కింది పెదవి పళ్ళతో పట్టుకుంది. పొద్దున్నంతా కిటికీలోంచి వీధిని చూస్తూ తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

"బాబూ," అంది ఆవిడ. "ఒక్క నెల చెయ్యండి. ఎక్కకుండా ఉండలేదండీ అది. చిన్నప్పట్నుంచీ అంతే."

పిచ్చుక గిరుక్కున తిరిగి తల్లిని చూసింది.

"తగ్గించనమ్మా," అన్నాడు మాస్టారు.

హమ్మయ్య అనిపించింది ఆవిడకి. వెంటనే సిగ్గేసింది. కూతురి రేగిన జుట్టుని అందరి ముందూ వేళ్ళతోనే దువ్వి, సగం జడ అల్లేసరికి లోపల్నుంచి ఎవరో పిచ్చుకని పిలిచారు. మిగతా సగం అల్లుకుంటూనే పిల్ల పరిగెత్తింది.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉంది. ఎవరో వచ్చి కూర్చోబోతే ఆవిడ, "మా అమ్మాయి వస్తుందండీ," అంది.